తొలి వానకు అడ్డం కట్టిన మనిషి

జ్ఞాపకార్థ కూడికలో పాస్టరుగారు నావైపు తిరిగి, "తోటికోడలివి గదమ్మా, ఒకే ఇంట్లో కాపురం చేసినదానివి. ఆమె గురించి రెండు మంచి మాటలు చెప్పు" అన్నారు. లేచి నిలబడ్డాను. షామియానా కింద కూర్చున్న ఊరంతా నా నోటివంకే చూస్తోంది. "మా అక్క చానా మంచిది" అని కూర్చున్నాను. అంతకన్నా ఒక్క ముక్క పెగల్లేదు. మంచి మాటలు లేక కాదు. ఒకటి మొదలుపెడితే దాని వెనకాలే పది కుళ్లుమాటలు తోసుకొచ్చేట్టున్నాయి. పోయిన మనిషి ఫొటో ఎదురుగా ఉండగా అవి ఎట్లా అంటాను?

అక్కడ మింగినవి ఇక్కడ చెబుతాను. ఆమె మంచిదే, కాదనను. ఆ మంచితనమే ఇన్నేళ్లూ నన్ను కాల్చుకు తింది.

మా అత్తగారి ఊరు కారంపూడికి దిగువన, నాగులేటి ఒడ్డున. మామగారి ఇంటికి ఏరే పొలం. వల, గాలం, ఇత్తడి తక్కెడ, ఇంతే ఆస్తి. నేను నరసరావుపేటలో పుట్టి పెరిగాను. మా వీధిలో నీళ్లు పంపులో వచ్చేవి, చేపలు కోసి కవర్లో వచ్చేవి. ఆమెది ఏటి ఒడ్డు పుట్టుక. "పెద్దది ఏట్లోనే పుట్టింది" అని మా అత్త మురిపెంగా చెప్పేది. చెబితే చెప్పింది, ప్రతిసారీ నావంక చూసి చెప్పడం ఎందుకు?

మనిషి పొడుగు. చీర మోకాళ్ల దాకా ఎగదోపి ఉండేది, అంచు ఎప్పుడూ తడే. తడి చేతులు తువ్వాలుకు తుడుచుకోదు, గాలికి విదిలిస్తుంది. ఆ చుక్కలు పక్కనున్న నామీదే పడేవి. ఏటికి పోగానే దోసిట్లో నీళ్లు తీసుకుని వాసన చూసేది, నాలిక మీద వేసుకునేది, తుపుక్కున ఉమ్మేది. అప్పుడు తీర్పు చెప్పేది. "నీరు బరువెక్కింది. ఈపూట ఎయ్యబాకండి." అంతే, మగాళ్లు వలలు భుజాన వేసుకుని తిరిగొచ్చేవాళ్లు. మా ఆయన సరేసరి. "వదిన అన్నదంటే అంతే" అనేవాడు. పప్పులో ఉప్పు ఎక్కువైందన్న నా మాటకు కూడా ఆ ఇంట్లో సాక్ష్యం కావాల్సి వచ్చేది.

పులుసు సంగతి చెప్పకపోతే నా కడుపు చల్లారదు. చేపల పులుసులో గరిటె పెడితే ముక్క చెదురుతుంది, గిన్నెనే పట్టుకుని తిప్పాలి. ఆమె మరుగుతున్న గిన్నెను ఉత్త చేతులతో పట్టుకుని ఓ తిప్పు తిప్పి దించేది. నేను మసిగుడ్డ పట్టుకుని తిప్పినా వేళ్లు కాలేవి. అదే కారం, అదే చింతపండు, అదే చేప. అయినా మా అత్త ఒక ముద్ద తిని, "పెద్దదాని చెయ్యి పడలా" అనేది. చాటుగా ఒకసారి నేనూ ఉత్త చేతులతో పట్టుకున్నాను. ఆదివారం దాకా బొబ్బలు.

అణకువ అన్నది ఆమె గుమ్మం తొక్కలేదు. మంచి పని చేసి గమ్మునుండే రకం కాదు. చేసేముందు చెప్పేది, చేస్తూ చెప్పేది, చేశాక వీధి వీధికీ చెప్పేది. "నేను గాక ఇంకెవతన్నా అయితే ఈపాటికి..." అని మొదలుపెట్టేది. ఆ ఇంకెవత నేనే అని నాకు అనుమానం.

ఇవన్నీ ఓర్చుకున్నాను. నా కూతురి దగ్గరికి వచ్చేసరికి మాత్రం కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను.

ఆమెకు ఇద్దరు మగపిల్లలు. పిడుగురాళ్లలో సున్నపు బట్టీల మీద పనికి కుదిరి, పండగకీ పబ్బానికీ వచ్చిపోయేవాళ్లు. బావగారు ఉన్నా లేనట్టే, నోట్లో నాలిక లేని మనిషి. నాకు ఉన్నది ఒక్కగానొక్క పిల్ల. ఆ ఒక్కదాని మీదే ఆమె కన్ను పడింది. పిల్లకు నడక నేను నేర్పాను, ఈత ఆమె నేర్పింది. "చేపపిల్లకి ఈత నేర్పాలంటే?" అని మా అత్త నవ్వింది. నేను కన్న పిల్ల చేపపిల్ల ఎప్పుడైంది? జ్వరమొస్తే నేను తడిగుడ్డ వేసుకుంటూ కూర్చునేదాన్ని, అది కళ్లు తెరిచి "పెద్దమ్మ ఏది?" అనేది. పొరుగింటి పుల్లకూర రుచంటారు. ఇక్కడ పొరుగిల్లు కూడా కాదు, పక్కగది.

అప్పుడే వానలు వరసగా ఎగ్గొట్టాయి. మొదటి ఏడు ఏటి పారుదల తెగింది. అడుగున నాపరాళ్లు వీపులు బయటపెట్టాయి. ఏరంతా తెగిపోయి మడుగులు మడుగులుగా మిగిలింది. చేపలన్నీ ఆ మడుగుల్లోకి చేరాయి. మావాళ్లకు పండగే పండగ. వల వేస్తే బరువుకు లేవడం లేదు. మా ఆయన గంప నెత్తిన పెట్టుకుని పాడుకుంటూ వచ్చేవాడు. ఆమె ఒక్కతే మూతి ముడుచుకుంది. "ఇది వేట కాదురా, ఇత్తనం మేస్తన్నం" అని మరిది మీద అరిచింది. నాకు లోలోపల సంతోషం. ఆమె మాట వినకుండా మా ఆయన వల వేసింది అదే మొదలు.

రెండో ఏడు చిన్న మడుగులు ఎండాయి. బొమ్మిడాయిలు నాపరాళ్ల కింద తడి ఒండ్రులో దూరి దాక్కున్నాయి. జనం గడ్డపారలతో ఆ రాళ్లు కూడా తిరగేశారు. ఆలిచిప్పలు ఎండకు నోళ్లు వెళ్లబెట్టి ఖాళీ అయిపోయాయి. తాబేళ్లు నీళ్లు వెతుక్కుంటూ తారురోడ్డు ఎక్కి లారీల కింద పడ్డాయి. కొంగలకు మాత్రం పెళ్లిభోజనాలు. ఎండ్రకాయలు నీటి వెంబడి కిందికి తవ్వుకుంటూ పోయేవి. ఆమె బోర్లా పడుకుని ఆ బొరియలో భుజం దాకా చెయ్యి పెట్టి, వేళ్లకు తడి తగిలిందా లేదా చూసేది. పక్కనే నా కూతురు, తన బుల్లి చెయ్యి ఇంకో బొరియలో పెట్టి. బట్టలు ఉతుక్కోవాల్సింది నేను.

మూడో ఏడు, దిగువన రెండు మూడు బురదగుంటలు పోను, నల్లరాతి మడుగు ఒక్కటే మిగిలింది. నీళ్లు పాచి పట్టి పచ్చగా, వెచ్చగా, ఒక రకం కంపు. అందులో ఇక వల వెయ్యకూడదని ఆమె చాటింపు వేసింది. "ఏరు నీ అబ్బ సొమ్మా?" అని అడిగారు కొందరు. కత్తిపీట తెచ్చుకుని మడుగు గట్టున కూర్చుంది. చేపలు కోసే ఆ కత్తిపీటతో ఏం చేసేదో ఎవరూ తేల్చుకోదలుచుకోలేదు.

"ఎందుకక్కా ఊళ్లోవాళ్లతో పగలు? వానొస్తే ఏరు అదే పారుద్ది" అన్నాను నేను.

"ఏరు చావదే. వానొస్తే మళ్లా పారుద్ది. ఏట్లో ఉండేయే చస్తయి. అయ్యి మళ్లా యాణ్ణించి వస్తయి? మీ నరసరావుపేట నించి వస్తయ్యా?"

నా పుట్టింటి ఊరిని లాగకుండా ఆమెకు మాట ముగిసేది కాదు.

ఒక తెల్లవారుజామున లేచి చూస్తే పక్కలో పిల్ల లేదు. ఎక్కడ ఉంటుందో నాకు తెలుసు. సర్కారు తుమ్మ కంపల్లోంచి మడుగు దగ్గరికి పోయేసరికి నీళ్ల మీద చేపలు మూతులు పైకి పెట్టి నోళ్లు తెరుచుకుంటూ, మూసుకుంటూ ఉన్నాయి. మడుగు మడుగంతా నోళ్లే. చూడలేకపోయాను. ఆమె రాతి మీద నిలబడి బిందె నెత్తికంటే పైకి ఎత్తి నీళ్లు ధారగా మడుగులోకి వంచుతోంది. కింద నా కూతురు ఇంకో బిందె ముంచి అందిస్తోంది. మడుగులోని నీళ్లే మడుగులో పోస్తున్నారు.

"ఏందక్కా ఈ పిచ్చి?"

"ఊపిరి పోస్తన్నా. రాత్రంతా నీళ్లు కదల్లేదు, గాలి చచ్చిపోయింది. ఎత్తునించి పోస్తే గాలి కలుస్తది."

"పిల్లకి బడుంది."

"బడి తొమ్మిదింటికి గదా. ఈటికి ఇప్పుడే."

"అమ్మా, చూడవే! ధార పడ్డకాడికి ఎట్టా వస్తన్నయ్యో!" అంది నా కూతురు. చూడవే అన్నది నన్నే. మొహం మాత్రం పెద్దమ్మవైపు ఉంది. నిద్రకళ్లు, ఒళ్లంతా పాచి, చలికి వణుకుతూ నవ్వుతోంది. అలాంటి నవ్వు మా గదిలో ఎన్నడూ నవ్వలేదు. చేపల సంగతి దేవుడెరుగు, ఊపిరి ఆడనిది నాకు.

ఆమె చేసినవన్నీ ఒప్పులని చెప్పను. జిలేబీ చేపలంటే ఆమెకు కంటగింపు. ఏ మురికిలోనైనా బతుకుతాయి, నాటు చేపల గుడ్లు తింటాయి అని పట్టుకుని గట్టుమీదికి విసిరేది, "దొంగముండల్లారా" అని తిట్టేది. కూరకు పనికొచ్చేవి గదా అంటే వినదు. ఇంకోసారి ఎండిపోతున్న గుంటలో ఒక కొరమీను, దాని చుట్టూ ఎర్రగా దాని పిల్లల మంద. పిల్లలతో ఉన్న కొరమీనును కొట్టడం మావాళ్లలో పాపం. తల్లినీ పిల్లల్నీ కలిపి మడుగుకు తేవాలని పట్టుబట్టింది. నా కూతురే బిందెలో పెట్టుకుని, పైన తడిగుడ్డ కప్పి, ఎండలో మోసుకొచ్చింది. నాలుగు రోజులకే తల్లి చేప వెల్లకిలా తేలింది. పిల్లలు ఏమయ్యాయో తెలియదు. పిల్ల రెండు పూటలు అన్నం తినలేదు. అన్నం కలిపి నేను బతిమాలాను. తినిపించింది ఆమె.

ఇక ఆ వాన.

జనం ఆశ వదులుకున్నాక, ఒక మధ్యాహ్నం కొండలవైపు నుంచి నల్లగా దిగింది. ఊరు ఊరంతా వీధిలో. ముసలాళ్లు కూడా చొక్కాలు విప్పి తడుస్తున్నారు. మా అత్త అరుగుమీద మోకరించి ప్రార్థన చేస్తోంది. నేనూ గంతులు వేశాను, దాచుకోవడం దేనికి? ఆ సందట్లో మా ఆయన వచ్చి, "వదిన పార తీసుకుని ఏటికి పరిగెత్తింది. పిల్ల కూడా" అన్నాడు. పైన ఉరుములు, మెరుపులు. నేను పరిగెత్తాను.

మిరప చేలల్లోంచి వచ్చే వాగు నల్లరాతి మడుగు తలాపున కలుస్తుంది. దానికి అడ్డంగా ఆమె గోనెసంచుల్లో మట్టి నింపి కట్ట వేస్తోంది. చేతుల్తో, కాళ్లతో, ఛాతీతో మట్టి తోస్తోంది. వాగులో నీళ్లు కషాయంలా నల్లగా దిగుతున్నాయి, మీద నురగ. మూడేళ్లు మిరపకు కొట్టిన మందులూ, కుళ్లిన ఆకూ, పేడా అన్నీ కలిసి.

గట్టుమీద చేరిన జనం నోళ్లు నొక్కుకుంటున్నారు. "వానలేక మూడేళ్లు ఏడ్చి, ఇప్పుడొచ్చిన నీళ్లకి అడ్డం కడతందిరా ఈవిడ! మతి పోయింది."

"తొలి నీళ్లు ఇషం!" అని అరిచింది ఆమె. "ఈ కంపంతా మడుగులో పడిందంటే ఉన్న నాలుగూ పోతయి. ఇయ్యి పక్కకి పోనీండి. రెండో వానకి నేనే తెంచుతా. రండిరా ఎవురన్నా!"

ఎవరూ కదల్లేదు. కట్టలో గండి పడుతున్న చోట నా కూతురు వీపు పెట్టి కూర్చుని ఉంది, మెడ దాకా బురద. "బయటికి రావే! పిడుగు పడుద్ది!" అని అరిచాను. రాలేదు.

"పోవే, మీ అమ్మ పిలుస్తంది" అంది ఆమె.

"నువ్వొస్తే వస్తా పెద్దమ్మా" అంది నా కూతురు.

నా ఒళ్లు భగ్గుమంది. నీళ్లంటే భయం నాకు, పాదం మునిగితేనే గుండె జారుతుంది. అయినా దిగాను. చేపల కోసం అనుకుంటే పొరపాటే. ఆ ఇద్దరి మధ్యలో సందు ఉంది, ఆ సందులో నేను కూర్చోవాలి. అంతే నా ఆలోచన. పిల్ల భుజం నా భుజానికి తగలాలి, ఆమె భుజానికి కాదు. వాళ్లిద్దరి మధ్య ఇరుక్కుని గండికి వీపు ఆనించాను. ఆ నల్లనీళ్లు మెడమీద నుంచి కారుతుంటే కళ్లు మండాయి. నేను దిగడం చూసి మా ఆయన దిగాడు. ఆయన్ని చూసి ఇంకొందరు. ఆమె నావంక తిరిగి పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది. "అబ్బో! నరసరావుపేట దిగిందిరో!" అంది. ఏడవాలో కొట్టాలో తెలియలేదు.

కట్ట పూర్తిగా ఆగలేదు. కొంత నీరు దూరనే దూరింది. పొద్దున్నే మడుగులో చచ్చిన చేపలు తేలాయి, అయితే బతికినవి అంతకు మించి ఉన్నాయి. దిగువ గుంటల్లో మిగిలిన చేపలన్నీ తెల్లటి పొట్టలు చూపించి పడున్నాయి, ఒక్కటి మిగల్లేదు. రెండో వానకు అన్న మాట ప్రకారం ఆమే కట్ట తెంచింది. ఆ తరవాత చాలాకాలం ఊళ్లో ఆమె గొప్పలు వినలేక నేను బోరింగు దగ్గరికి పోవడం మానుకున్నాను.

మడుగు బతికింది సరే, మా బతుకు? ఆ చేపలు పెరిగి ఏరంతా పాకేదాకా వల వెయ్యకూడదు. ఆ ఏడు తినేదేముంది? మా ఆయనకు నరసరావుపేటలో కోల్డ్ స్టోరేజీలో మిరప టిక్కీ బస్తాలు ఎత్తే పని దొరికింది. నేను మిషను కుట్టుకోవచ్చు, పిల్లకు పెద్దబడి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఏటినుంచి, ఆ పులుసు నుంచి, ఆమె నుంచి నా పిల్లను తీసుకుని వెళ్లిపోతాను!

పిల్ల రానంది. "నేను పెద్దమ్మ కాడ ఉంటా. ఇక్కడే చదువుకుంటా. సెలవులకి వస్తాలే" అని తల్లికి భరోసా ఇచ్చింది! బతిమాలాను, కొట్టాను, అన్నం మానేశాను. మా ఆయన, "ఉండనీయవే, వదినేమన్నా పరాయిదా" అన్నాడు. ఆ మాటకు ఆయనతోనూ మాటలు మానేశాను. బిడ్డను వదిలిపెట్టి ఏ మొహం పెట్టుకుని బండెక్కేది? ఆమె మాత్రం రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. చేపలు తోముకుంటూ కూర్చుంది.

బయలుదేరే రోజు. ట్రాలీ ఆటోలో సామాను ఎక్కించాము. పిల్ల ఆమె పక్కన అరుగుమీద కూర్చుని నావంక చూడకుండా కాళ్లూపుతోంది. ఉన్నట్టుండి ఆమె లేచి నిలబడింది.

"నువ్వింకా ఈడే కూచున్నావేందే? పో మీ అమ్మ ఎంట. నీ చెయ్యి మంచిది కాదు. నువ్వు మోసుకొచ్చిన కొరమీను చచ్చింది. నువ్వు నీళ్లు ముట్టినప్పుడల్లా ఏదో ఒకటి తేలుతంది. నా మడుగు కాడికి మళ్లా రాబాక!"

వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. పిల్ల మొహం చూడాలి, రక్తం చుక్క లేదు. బావురుమని ఏడుస్తూ వచ్చి నా ఒళ్లో పడింది. ఆటో కదిలింది. కారంపూడి దాటేదాకా వెక్కుతూనే ఉంది, నా కొంగంతా తడిసిపోయింది. చేపల కోసం చిన్నపిల్లను అంత మాటంది గదా అని ఆమెను తిడుతూ, పిల్ల తల నిమురుతూ కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, నా కాపురంలో అంతటి సుఖం ఎరగను. ఆఖరికి ఎవరు ఎవరి బిడ్డో తేలింది. నేను గెలిచాను.

ఆ తరవాత పిల్ల నోట ఆమె మాట రాలేదు. సెలవులకు ఊరికి పోతానని అడగలేదు. నా పులుసే తిన్నది, బాగుందనే అంది. నర్సింగులో చేరింది. తెల్ల కోటు నేనే కుట్టాను. మొన్న చలికి దగ్గు పట్టి ఆమె పోయిందని కబురొస్తే, హాస్టలు నుంచి తిన్నగా ఊరికి పోయింది. మాకంటే ముందు చేరింది. పెట్టె మూసేటప్పుడు ఆమె కన్నకొడుకులు పక్కకు తప్పుకుని నా కూతురిని పట్టుకోవాల్సి వచ్చింది.

కూడిక రోజు భోజనాల్లో బొమ్మిడాయిల పులుసు పెట్టారు, నాగులేటివే. వడ్డించేవాడు, "ఈ చేపలన్నీ పెద్దమ్మ పిల్లలేరా, తినండి" అంటూ తిరిగాడు. వాటికి కూడా తల్లి అయింది. నేను పెరుగన్నం తిని లేచాను.

తిరుగు బస్సులో పిల్ల నా పక్కన కూర్చుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఉండబట్టలేక అడిగేశాను.

"నీ చెయ్యి చెడ్డదని నలుగురిలో అన్న మనిషి గదే. ఆమె కోసం అంత ఏడుపా?"

పిల్ల చున్నీతో మొహం తుడుచుకుంది. తరవాత, "ఇప్పుడు చెప్పొచ్చులే" అంది.

"ఏంది చెప్పేది?"

"ముందురోజు నన్ను మడుగు కాడికి తీసకపోయింది. 'రేపు మీ అమ్మ ముందర నిన్ను తిడతా. నువ్వు ఏడ్చుకుంటా పోయి మీ అమ్మ ఒళ్లో పడు. నేను పంపితే వచ్చావనుకుంటే మీ అమ్మకి నువ్వు దక్కినట్టుండదు. నన్ను ఇడిచిపెట్టి వచ్చావనుకుంటేనే దక్కుద్ది. ఇంక దాని ముందర నా పేరెత్తబాక' అంది. ఒట్టేయించుకుంది."

బస్సు ఏదో ఊళ్లో ఆగింది, ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. నాకేమీ వినపడలేదు. ఇన్నేళ్లూ నాదనుకున్న ఆ ఒక్క గెలుపు కూడా ఆమె పెట్టిందే. నా మంటంతా ఆమెకు మొదటినుంచీ తెలుసు. తెలిసి, దానికి సరిపోను కొలిచి మరీ వడ్డించింది. చచ్చిన మనిషి మీద అంత ఒళ్లుమంట ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఏదో ఒకటి నాకు మిగలాలి గదా అని ఆత్రంగా అడిగాను.

"మరి ఆ రోజు నా ఒళ్లో పడి ఏడ్చింది? అదీ ఆమె నేర్పిందేనా?"

"లేదమ్మా" అంది నా కూతురు కిటికీవైపు తిరిగి. "ఏడుపు మాత్రం నిజమే. పెద్దమ్మని వదిలి రావాల్సొచ్చిందని."